రాతిపువ్వు సారం ఎంతవరకు భద్రం? జీబ్రాఫిష్ పిండాలతో పరీక్ష ఎలా చేయాలి

బేగంబజార్‌లో మసాలా దినుసుల కొట్టుకు వెళ్లి పత్థర్ కా ఫూల్ అడిగితే బూడిద రంగు ముక్కలు, ఒకవైపు నల్లగా ఉండేవి, పొట్లం కట్టి ఇస్తారు. బిర్యానీ మసాలాలోనూ నిహారీ పోట్లీలోనూ పడే ఈ రాతిపువ్వు నిజానికి పువ్వూ కాదు, మొక్కా కాదు. అది లైకెన్. ఒక శిలీంధ్రమూ ఒక శైవలమూ కలిసి కాపురం చేసే జీవి. దీని సారం తీసి, అది బ్యాక్టీరియాను ఆపుతోందని పెట్రీ ప్లేట్ మీద చూపించే ఎమ్మెస్సీ, ఫార్మసీ ప్రాజెక్టులు మన కాలేజీల్లో తరచూ కనిపిస్తాయి. అక్కడిదాకా బాగానే ఉంటుంది. వైవాలో ఎవరో ఒకరు "సరే, బ్యాక్టీరియాను చంపింది. మరి మిగతా ప్రాణులను ఏం చేస్తుంది?" అని అడిగినప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

ఆ ప్రశ్నకు మొదటి జవాబు వెతకడానికి వాడే పద్ధతుల్లో ఒకటి జీబ్రాఫిష్ అనే చిన్న చారల చేప పిండాల పరీక్ష. చేప, మందు అనే మాటలు కలిపి అంటే హైదరాబాద్‌లో ఎవరికైనా మృగశిర కార్తె, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గుర్తొస్తాయి. ఇది ఆ సంగతి కాదు. ఇక్కడ చేప మందు కాదు, మందును పరీక్షించే సాధనం.

ముందే ఒక మాట. ఈ పరీక్షలో పిండాలు చనిపోవడం చాలా తేలిక. సాల్వెంట్ ఎక్కువైనా చస్తాయి, నీళ్లు పుల్లబడినా చస్తాయి, గుడ్లు మంచివి కాకపోయినా చస్తాయి. సారం వల్లే చచ్చాయని గట్టిగా చెప్పగలగడమే అసలు పని. కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం దాని గురించే.

అనుమతులు ముందు, గుడ్లు తర్వాత

"పిండాలే కదా, అనుమతి ఎందుకు" అనే మాట ల్యాబుల్లో వినిపిస్తుంది. యూరప్ చట్టంలో చేప పిల్ల తనంతట తాను తినడం మొదలుపెట్టే దశ వరకు, అంటే దాదాపు ఐదో రోజు వరకు, దాన్ని ప్రయోగ జంతువుగా లెక్కించరన్నది నిజమే. కానీ మీ దగ్గర గుడ్లు పెట్టే పెద్ద చేపలు ఉంటాయి, పరీక్ష ఐదో రోజు దాటే అవకాశమూ ఉంటుంది. మన దేశంలో జంతు ప్రయోగాలను 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడ్డ సీసీఎస్ఈఏ అనే కమిటీ పర్యవేక్షిస్తుంది. పాతవాళ్లు దాన్ని ఇంకా సీపీసీఎస్ఈఏ అనే అంటారు. మీ సంస్థలోని జంతు నైతిక కమిటీకి ప్రోటోకాల్ ఇచ్చి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. "అవసరం లేదు" అన్నా సరే, ఆ మాట కాగితం మీద ఉండాలి. పేపర్ పంపినప్పుడు జర్నల్ అడిగేది అదే.

లైకెన్‌ను అడవి నుంచి తేవాలనుకుంటే అదో పని. కేబీఆర్ పార్క్ జాతీయ ఉద్యానవనం. అక్కడ రాయి మీద గీకినా తప్పే. మిగతా అటవీ ప్రాంతాల్లోనూ అటవీ శాఖ అనుమతి కావాలి. విదేశీ భాగస్వామి ఉన్నా, నమూనా బయటి దేశానికి పంపాలన్నా 2002 నాటి జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను అడగాల్సిందే. పైగా చాలా లైకెన్లు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. ఒక ప్రాజెక్టు కోసం బండ మొత్తం గీకేస్తే అది మళ్లీ కప్పుకోవడం మీరు చూడలేకపోవచ్చు. నా సలహా: మొదటి పరీక్షకు బజారు సరుకే వాడండి. జనం తినేది కూడా అదే.

చేపల విషయానికొస్తే, అక్వేరియం షాపులో జీబ్రా డానియోలు (జీబ్రాఫిష్‌కే ఇంకో పేరు) దొరుకుతాయి కానీ వాటి వయసు, జబ్బులు, అంతకుముందు ఏ మందులు తగిలాయన్నది ఎవరికీ తెలియదు. హబ్సిగూడ దగ్గరి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో, గచ్చిబౌలి యూనివర్సిటీ క్యాంపస్‌లోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో జీబ్రాఫిష్ మీద పరిశోధన జరుగుతుంది. సొంతంగా ట్యాంకులు పెట్టుకునే ముందు ఇలా చేపలు ఉన్న ల్యాబ్‌తో కలిసి పనిచేయగలరేమో మీ గైడ్ ద్వారా అడిగి చూడండి. ట్యాంకుల పెంపకం దానికదే ఒక ఉద్యోగం.

పొట్లంలో ఉన్నది ఏ లైకెన్?

రాతిపువ్వు అనే పేరు మీద అమ్మేది ఒకే జాతి కాదు. పుస్తకాల్లో పార్మోట్రెమా పెర్లాటమ్ అని రాస్తారు గానీ, పొట్లం విప్పి చూస్తే పార్మోట్రెమా టింక్టోరమ్ ఉండొచ్చు, సన్నని పట్టీల్లాంటి వేరే జాతులు ఉండొచ్చు, చెట్టు బెరడు, నాచు, మట్టి కూడా ఉండొచ్చు. "రాతిపువ్వు సారం" అని రిపోర్టులో రాస్తే చదివేవాళ్లకు ఏమీ చెప్పనట్టే.

తెల్ల కాగితం మీద పోసి, ఆకారాన్ని బట్టి కుప్పలుగా వేరు చేయండి. తర్వాత రంగు పరీక్షలు. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే అట్రనోరిన్ అనే లైకెన్ పదార్థం ఉన్న పైపొర పసుపు రంగుకు మారుతుంది. లోపలి తెల్లటి పొరను బ్లేడుతో కొంచెం గీకి బ్లీచ్ చుక్క వేయండి. లెకనోరిక్ ఆమ్లం ఉంటే ఎర్రగా మెరుస్తుంది, టింక్టోరమ్‌ను పట్టించేది ఈ ఎరుపే. సాలజినిక్ ఆమ్లం ఉన్నవి పొటాషియం హైడ్రాక్సైడ్‌కు మొదట పసుపు, ఆ తర్వాత ఎరుపు చూపిస్తాయి. బ్లీచ్ తాజాది కావాలి. నెలల తరబడి మూత వదులుగా ఉన్న సీసాలోంచి వేసి "రంగు రాలేదు" అనుకుంటే పొరపాటు.

పల్చటి పొర క్రొమటోగ్రఫీ కూడా చేయండి. టోలీన్, అసిటిక్ ఆమ్లం మిశ్రమంలో పరిగెత్తించి, 10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి 110 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మచ్చలు బయటపడతాయి. లైకెన్లలో ఉండే ఉస్నిక్ ఆమ్లం, అట్రనోరిన్‌ల ప్రామాణిక నమూనాలు పక్కనే నడిపించండి. పేరు మీద ఇంకా అనుమానం ఉంటే లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌బీఆర్ఐలో లైకెన్ల హెర్బేరియం (ఎండు నమూనాల భాండాగారం) ఉంది, అక్కడి నిపుణులను సంప్రదించవచ్చు. ఏం చేసినా, సారం తీసిన అదే కుప్పలోంచి కొంత పొడిగా కవర్లో దాచి, కొన్న చోటు, తేదీ, స్థానిక పేరు రాసి పెట్టండి.

ఇంకో పని చాలామంది వదిలేస్తారు. లైకెన్లకు వేళ్లు లేవు. గాలిలోంచి, వానలోంచి వచ్చేదే వాటి తిండి. అందుకే సీసం, కాడ్మియం లాంటి లోహాలు వాటిలో పేరుకుంటాయి. గాలి కాలుష్యాన్ని కొలవడానికి వాటిని వాడేది కూడా ఇందుకే. రోడ్డు పక్కన పెరిగిన లైకెన్ సారం చేప పిండాన్ని చంపితే, చంపింది లైకెన్ ఆమ్లమా, లారీ పొగా? పొడిలో కొంత భాగాన్ని లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ పరీక్షకు పంపండి. నగరంలో ఆహార పరీక్షల ల్యాబులు చాలావరకు ఇది చేస్తాయి. ఖర్చు ఉంటుంది కానీ తర్వాత రాసే ప్రతి వాక్యానికీ అది కాపలా.

సారం తీయడం

కడగవద్దు. పొడి బ్రష్‌తో, పట్టకారుతో మట్టి, బెరడు తీసేసి నీడలో ఆరబెట్టండి. మే నెల హైదరాబాద్ ఎండలో టెర్రస్ మీద పెడితే తొందరగా ఆరుతుంది గానీ వద్దు, వెలుతురుకు మారిపోయే పదార్థాలు ఉంటాయి. మిక్సీలో పొడి చేసి జల్లెడ పట్టండి. 10 గ్రాముల పొడికి 100 మిల్లీలీటర్ల అసిటోన్, మూత బిగించి, 24 గంటలు షేకర్ మీద. వాట్‌మన్ 1 కాగితంతో వడకట్టి, మళ్లీ అంతే అసిటోన్ పోసి ఇంకోసారి. రెండూ కలిపి రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీలు దాటకుండా ఆవిరి చేయండి.

మన ల్యాబుల్లో అలవాటుగా మెథనాల్ పోస్తారు. లైకెన్లకు నేను దాన్ని ఒప్పుకోను. లెకనోరిక్ ఆమ్లం లాంటి డెప్సైడ్లు ఆల్కహాల్‌లో నానితే విరిగిపోయి మిథైల్ ఆర్సెలినేట్ లాంటి కొత్త పదార్థాలు పుడతాయి. అప్పుడు మీరు పరీక్షించేది లైకెన్‌లో లేని, మీ ఫ్లాస్కులో పుట్టిన పదార్థాన్ని. జనం వాడే తీరు తెలుసుకోవాలనుకుంటే అసిటోన్‌తో పాటు వేడి నీళ్ల సారం కూడా విడిగా తీయండి, వంటలో జరిగేదానికి అది దగ్గర. అయితే నీళ్లలోకి చక్కెర ఆల్కహాళ్లు, ఖనిజ లవణాలు ఎక్కువ వస్తాయని గుర్తుంచుకోండి. దాని ఇబ్బంది ప్లేట్ దగ్గర చెబుతాను.

ఇలాగే ఖాళీ ఫ్లాస్కులో లైకెన్ లేకుండా అంతే అసిటోన్ పోసి, అన్ని దశలూ నడిపించి, చివర మిగిలినదాన్ని కూడా ఒక సీసాలో దాచండి. దాన్ని ఖాళీ సారం అనుకుందాం. సాల్వెంట్‌లోని మలినం పిండాలను చంపుతోందా అన్నది ఇది తేల్చేస్తుంది.

ఎండిన సారాన్ని తూచి, ఎంత శాతం వచ్చిందో రాసి, రేకు చుట్టిన గాజు సీసాల్లో మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టండి.

స్టాక్ చేయడం

తలనొప్పి ఇక్కడుంది. లైకెన్ ఆమ్లాలకు నీళ్లంటే పడదు. వాటిని డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే సాల్వెంట్‌లో కరిగించి, అక్కడినుంచి పిండాల నీళ్లలోకి దించాలి. చేప పిండాల పరీక్షకు అంతర్జాతీయంగా పాటించే ఓఈసీడీ 236 మార్గదర్శకం 2013లో వచ్చింది. సాల్వెంట్ 0.01 శాతం దాటకూడదని దాని మాట. ముడి సారంతో అంత తక్కువలో పని జరగడం కష్టం. పరిశోధన ల్యాబుల్లో 0.1 శాతం వరకు వాడటం మామూలే. మీరు 0.1 తీసుకుంటే ఆ సంగతి దాచకుండా రాసి, అదే 0.1 శాతం డీఎంఎస్ఓతో, సారం లేకుండా, పోలిక కోసం కంట్రోల్ పెట్టండి. 1 శాతం జోలికి మాత్రం పోవద్దు, అక్కడ డీఎంఎస్ఓ తన పని తాను మొదలుపెడుతుంది.

లెక్క ఇలా. 60 మిల్లీగ్రాముల సారం 600 మైక్రోలీటర్ల డీఎంఎస్ఓలో కరిగిస్తే మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. దీన్ని డీఎంఎస్ఓతోనే సగం సగం చేస్తూ 50, 25, 12.5, 6.25 స్టాకులు చేయండి. వాడేటప్పుడు ప్రతి స్టాక్‌నూ వెయ్యి రెట్లు పలుచన చేస్తే నీళ్లలో మిల్లీలీటరుకు 100, 50, 25, 12.5, 6.25 మైక్రోగ్రాములు వస్తాయి, అన్నింట్లోనూ డీఎంఎస్ఓ సరిగ్గా 0.1 శాతమే ఉంటుంది. పెద్ద గాఢతను నీళ్లతో పలుచన చేస్తూ పోయారో, ఒక్కో గాఢతలో డీఎంఎస్ఓ ఒక్కో రకంగా ఉండి పోలికే లేకుండా పోతుంది.

అయితే ఈ ఐదు గాఢతలకు ముందు 1, 10, 100 మైక్రోగ్రాములతో కొద్ది పిండాల మీద చిన్న పరీక్ష చేసి, ఎక్కడ చావు మొదలవుతోందో చూసుకోండి. అసలు పరీక్షలో గాఢతల మధ్య తేడా 2.2 రెట్లు మించకూడదు.

డీఎంఎస్ఓ దాదాపు 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబర్ పొద్దున, లేదా ఏసీ పెంచిన గదిలో సీసా గడ్డకట్టి కనిపిస్తే కంగారు పడొద్దు, చేతిలో పట్టుకుంటే కరుగుతుంది. పూర్తిగా కరిగాక కలిపి మరీ వాడండి.

స్టాక్‌ను నీళ్లలో పోయడం కాదు, నీళ్లు సుడి తిరుగుతుండగా కొద్దికొద్దిగా వదలాలి. తర్వాత అరగంట ఆగి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మబ్బులా తెల్లబడినా, మైక్రోస్కోపులో సూదుల్లాంటి స్ఫటికాలు కనిపించినా ఆ గాఢత అబద్ధం. 100 అని రాసిన చోట కరిగింది 30 కూడా కాకపోవచ్చు. శుభ్రం చేద్దామని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో పోస్తే కరగనిదంతా ఫిల్టర్ మీదే ఉండిపోయి, పిండాలు హాయిగా ఈదుతాయి, మీరేమో భద్రం అని రాస్తారు. స్ఫటికాలు పడని గాఢతే మీ పై హద్దు.

ఇక పీహెచ్. పిండాలను ఉంచే ఈ3 ద్రావణంలో సోడియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్, పొటాషియం క్లోరైడ్ 0.17, కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ 0.33 చొప్పున ఉంటాయి. పుల్లదనాన్ని ఆపే బఫర్ అందులో ఏమీ లేదు. ఆమ్లాలున్న సారం కలిపితే పీహెచ్ పడిపోతుంది. ప్రతి గాఢతలోనూ కొలవండి. 6.5 కంటే దిగితే, పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిచేసిన సెట్ ఒకటి, సరిచేయనిది ఒకటి పక్కపక్కన పెట్టండి. సరిచేసిన దాంట్లో చావులు మాయమైతే, చంపింది పులుపు. చాలా "విషపు సారాల" గుట్టు ఈ ఒక్క పీహెచ్ మీటర్ దగ్గరే బయటపడుతుంది.

నీళ్లు, చేపలు, గుడ్లు

మంజీరా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. నగరంలో చాలాచోట్ల బోరు నీళ్లు బాగా కఠినం. రెండూ నేరుగా వద్దు. ఆర్‌ఓ నీళ్లకు లెక్క ప్రకారం లవణాలు కలుపుకోండి. పెద్ద చేపలకు 14 గంటల వెలుతురు, 10 గంటల చీకటి టైమర్ మీద నడవాలి. సాయంత్రం బ్రీడింగ్ ట్యాంకులో అడ్డుపలక పెట్టి ఒకవైపు రెండు మగవి, ఇంకోవైపు ఒక ఆడది వదలండి. పొద్దున లైటు వెలగగానే పలక తీసేస్తే సాధారణంగా గంటలోపే గుడ్లు జాలీ కిందికి రాలతాయి. అవి తినేయకుండా ఆపేది ఆ జాలీనే. రాత్రి కరెంటు పోయి టైమర్ తప్పిందంటే ఆ పొద్దున గుడ్ల మీద ఆశ వదులుకోవచ్చు. చేపల గదికి యూపీఎస్ అడగడానికి సిగ్గుపడకండి.

గుడ్లను ఈ3తో కడిగి మైక్రోస్కోపు కింద పెట్టండి. ఫలదీకరణ చెందిన గుడ్డులో కణాలు 4, 8, 16గా సమానంగా విడిపోతుంటాయి. 28.5 డిగ్రీల దగ్గర గంటన్నరకు 16 కణాల దశ వస్తుంది. తెల్లబడినవి, కణాలు వంకరటింకరగా విడిపోయినవి తీసేయండి. ఫలదీకరణ 70 శాతం కంటే తక్కువ ఉంటే ఆ రోజు గుడ్లు మొత్తం పక్కన పెట్టేయాలి. కష్టపడి తీసినవి కదా అని మంచివి ఏరుకుని కొనసాగిద్దామనిపిస్తుంది. వద్దు.

ప్లేట్ పెట్టడం

24 గుంటల ప్లేట్లు తీసుకోండి. గుంటకు ఒక్క పిండం, 2 మిల్లీలీటర్ల ద్రావణం. ఒక గాఢతకు ఒక ప్లేట్: 20 గుంటల్లో సారం, మిగతా 4 గుంటల్లో మామూలు నీళ్లు. ఈ నాలుగూ ఆ ప్లేట్‌కు సొంత సాక్షులు. వాటిలో రెండు చచ్చాయంటే ఆ ప్లేట్‌నే నమ్మకూడదు. ఐదు గాఢతలకు ఐదు ప్లేట్లు, నీళ్ల కంట్రోల్ ఒకటి, డీఎంఎస్ఓ కంట్రోల్ ఒకటి, చంపుతుందని ముందే తెలిసిన 3,4-డైక్లోరోఅనిలిన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల చొప్పున ఒకటి. మొత్తం ఎనిమిది ప్లేట్లు, 192 పిండాలు. ఖాళీ సారానికి ఇంకొకటి కలుపుకోండి. డైక్లోరోఅనిలిన్ మనకూ విషమే, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

లైకెన్ పదార్థాలు ప్లాస్టిక్‌కు అంటుకుంటాయి. అందుకే ముందు రోజే ప్రతి ప్లేట్‌నూ అదే గాఢత ద్రావణంతో నింపి 24 గంటలు ఉంచి, పరీక్ష వేళకు అది పారబోసి తాజాది పోయాలి. ఆ తర్వాత కూడా రోజూ ద్రావణం మార్చండి. అంటే ఒక్కో ప్లేట్‌ను ఐదుసార్లు నింపుతారు. కొంచెం అదనం వేసుకుంటే గాఢతకు 250 మైక్రోలీటర్ల స్టాక్ పడుతుంది. పైన 60 మిల్లీగ్రాములు అన్నది ఈ లెక్కతోనే.

రోజూ మార్చడానికి ఇంకో కారణం వేడినీళ్ల సారం. అందులోని చక్కెర ఆల్కహాళ్ల మీద బ్యాక్టీరియా విందు చేసుకుని ఆక్సిజన్ లాగేస్తుంది. ద్రావణం నురగగా, మసకగా మారి వాసన వస్తుంటే పిండం చావుకు కారణం ఏదైనా కావచ్చు. చివరి రోజు ఆక్సిజన్ కొలవండి, 80 శాతం సంతృప్తత కంటే తగ్గకూడదు.

పిండాలు ఫలదీకరణ జరిగిన గంటన్నరలోపే ద్రావణంలోకి చేరాలి, గుంటల్లోకి సర్దడం మూడు గంటల్లో పూర్తికావాలి. అందుకే మొదట చిన్న గాజు గిన్నెల్లో సారం పోసి అందులో పిండాలు వేసి, తర్వాత తీరిగ్గా ప్లేట్‌లోకి మార్చుతారు. ఇంక్యుబేటర్ 26 డిగ్రీలు, ఒక డిగ్రీ అటూ ఇటూ. పరిశోధన ల్యాబులు 28.5 వాడతాయి. ఏదో ఒకటి ఎంచుకుని దానిమీదే ఉండండి, ఎందుకంటే పిండం పెరిగే వేగం, గుండె కొట్టుకునే వేగం రెండూ వేడిని బట్టి మారతాయి.

పిండాలు పారదర్శకంగా కనబడాలని చాలా ల్యాబుల్లో అలవాటుగా, ఒంటి మీద రంగు పుట్టకుండా ఆపే పీటీయూ అనే రసాయనం కలుపుతారు. ఈ పరీక్షలో వేయకండి. రంగు పుట్టించే టైరోసినేజ్ ఎంజైమును కొన్ని లైకెన్ పదార్థాలు కూడా అడ్డుకుంటాయి. రంగు తగ్గడం మీరు చూడాల్సిన ఫలితాల్లో ఒకటి కావచ్చు, దాన్ని ముందే చెరిపేసుకోకూడదు.

24, 48, 72, 96 గంటలు

మార్గదర్శకం ప్రకారం చావును నాలుగు గుర్తులతో లెక్కిస్తారు: పిండం గడ్డకట్టి తెల్లబడటం, వెన్ను వెంట కండర ఖండాలు ఏర్పడకపోవడం, తోక పచ్చసొన నుంచి విడిపోకపోవడం, 48 గంటల నుంచి గుండె కొట్టుకోకపోవడం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనబడినా చనిపోయినట్టే.

ఇవి మాత్రమే రాసి ఊరుకుంటే పరీక్ష విలువలో సగం పోయినట్టే. బతికున్నవాటినీ చూడండి. గుండె చుట్టూ నీరు పట్టి సంచిలా ఉబ్బిందా? వెన్ను వంగిందా? పచ్చసొన కరగకుండా అలాగే ఉందా, రంగు మారిందా? పొదిగి బయటికొచ్చాయా? బయటికొచ్చినవాటిని సన్నని వెంట్రుకతో తాకితే చటుక్కున జరుగుతున్నాయా, బద్ధకంగా ఊగుతున్నాయా? గుండె వేగం లెక్కించాలంటే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మైక్రోస్కోపు లైటు కింద ఎక్కువసేపు ఉంచితే నీళ్లు వేడెక్కి గుండె వేగం పెరుగుతుంది, కాబట్టి మొదటి పిండాన్నీ ఇరవయ్యో పిండాన్నీ ఒకే హడావుడితో చూడాలి. ముదురు రంగు సారంలో పిండం సరిగా కనబడకపోతే ఫొటో వరకు శుభ్రమైన నీళ్లలోకి మార్చి, మళ్లీ వెనక్కి పెట్టండి.

ఏ ప్లేట్ ఏ గాఢతో చూసేవాళ్లకు తెలియకూడదు. స్నేహితులెవరితోనైనా ప్లేట్ల మీద కోడ్ రాయించండి. 100 మైక్రోగ్రాముల ప్లేట్ అని తెలిసిన కంటికి ప్రతి వెన్నూ వంకరగానే కనిపిస్తుంది.

96 గంటలకు నీళ్ల కంట్రోల్‌లో, డీఎంఎస్ఓ కంట్రోల్‌లో 90 శాతం పిండాలు బతికి ఉండాలి, నీళ్ల కంట్రోల్‌లో 80 శాతం పొదిగి ఉండాలి, డైక్లోరోఅనిలిన్ ప్లేట్‌లో కనీసం 30 శాతం చచ్చి ఉండాలి. ఈ చివరిది వింతగా అనిపించొచ్చు. విషానికి కూడా చావని పిండాలతో మీ సారం భద్రమని చెప్పలేరు కదా.

పూర్తయ్యాక పిల్లలను సింకులో పోయొద్దు. ట్రైకేన్ అనే మత్తుమందు అధిక మోతాదులో చాలాసేపు ఉంచి, కదలిక, గుండె ఆగాక బ్లీచ్ వేసి, మీ సంస్థ బయోమెడికల్ వ్యర్థాల పద్ధతిలో పంపండి. సారం కలిసిన నీళ్లు, అసిటోన్ వేర్వేరు డబ్బాల్లోకి.

లెక్కలు

వేర్వేరు రోజుల్లో పెట్టిన గుడ్లతో కనీసం మూడుసార్లు చేయండి. ఒకే రోజు గుడ్లను మూడు ప్లేట్లలో పెట్టి మూడుసార్లు అనడం కుదరదు. ప్రాబిట్ పద్ధతితో ఎల్‌సీ50, అంటే సగం పిండాలను చంపే గాఢత, దాని నమ్మక అవధులతో సహా తీయండి. అలాగే సగం పిండాల్లో వైకల్యం తెచ్చే గాఢత ఈసీ50 కూడా. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే, చంపని గాఢతలోనే పిండాన్ని అంతగా వంకర చేస్తోందని అర్థం. ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంట్లో ఇవన్నీ వస్తాయి.

ఈ ఫలితం ఎంతవరకు చెబుతుంది

జీబ్రాఫిష్ జన్యుపటం 2013లో పూర్తి వివరాలతో వచ్చినప్పుడు, మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఆ చేపలో కనీసం ఒక జోడీ ఉందని తేలింది. దీన్ని ప్రతి థీసిస్‌లోనూ మొదటి పేజీలో రాస్తారు. అలాగని చేప పిండం చిన్న మనిషి కాదు.

లైకెన్ల విషయంలో ముఖ్యమైన హెచ్చరిక కాలేయం నుంచి వచ్చింది. బరువు తగ్గడానికని అమెరికాలో అమ్మిన లిపోకైనెటిక్స్ అనే మాత్రల్లో ఉస్నిక్ ఆమ్లం ఉండేది. వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు రావడంతో 2001 నవంబరులో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని వాడొద్దని హెచ్చరించింది. ఆ మాత్రలో కెఫీన్ లాంటివి ఇంకా ఉన్నాయి కాబట్టి పాపమంతా ఒక్కదాని మీదే వేయలేం. కానీ ఉస్నిక్ ఆమ్లం కణాల్లో మైటోకాండ్రియా శక్తి తయారీని తప్పుదారి పట్టిస్తుందని తెలుసు, కాబట్టి అనుమానం ఉత్తది కాదు. ఇక్కడ చిక్కేమిటంటే, జీబ్రాఫిష్ కాలేయం మూడో రోజు దాటాకే సరిగ్గా పనిలోకి దిగుతుంది. 96 గంటల పరీక్షలో దానికి దెబ్బ తగిలే వ్యవధి చాలా తక్కువ. క్రొమటోగ్రఫీలో ఉస్నిక్ ఆమ్లం మచ్చ కనబడితే నైతిక కమిటీ అనుమతితో 120 గంటలు, ఆపైన చూసే ప్రయోగం విడిగా పెట్టండి. కాలేయం నల్లబడిందా, చిన్నదైందా చూడండి, కొవ్వు కోసం ఆయిల్ రెడ్ ఓ రంగు వేయండి.

గుడ్డు పొర సంగతి కూడా ఉంది. ఉస్నిక్ ఆమ్లం అణుభారం 344, అలాంటి చిన్న అణువులు పొరలోని రంధ్రాల గుండా పోతాయి. లైకెనాన్ లాంటి పెద్ద పాలిసాకరైడ్లు లోపలికి చేరకపోవచ్చు. వేడినీళ్ల సారం ఏమీ చేయలేదంటే, అది పిండాన్ని తాకనే లేదేమో చూడాలి. పొర తీసేసిన పిండాలతో ఒక సెట్ పెడితే తేలిపోతుంది.

నీళ్లలో మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అన్న అంకెను, మనిషి రోజుకు ఇన్ని గ్రాములు తినొచ్చు అనే అంకెగా మార్చే దారి ఈ పరీక్షలో లేదు. ముడి సారం పిండాలను చంపిందని "బిర్యానీలో విషం" అనే వార్త పుట్టనివ్వొద్దు, చంపలేదని "పూర్తిగా సురక్షితం" అనే లేబుల్‌కూ ఒప్పుకోవద్దు. రిపోర్టులో చివరి పేరాను ఇంచుమించు ఇలా రాయండి: "బేగంబజార్‌లో కొన్న, రంగు పరీక్షలతోనూ క్రొమటోగ్రఫీతోనూ పార్మోట్రెమా టింక్టోరమ్‌గా గుర్తించిన నమూనా అసిటోన్ సారం, 0.1 శాతం డీఎంఎస్ఓలో, పీహెచ్ సరిచేసిన ఈ3లో, 26 డిగ్రీల దగ్గర, రోజూ ద్రావణం మార్చుతూ 96 గంటలు ఉంచినప్పుడు, స్ఫటికాలు పడని అత్యధిక గాఢత వరకు జీబ్రాఫిష్ పిండాలపై ఈ ప్రభావం చూపింది." ఆ పక్కనే లోహాల పరీక్ష అంకెలు, ఖాళీ సారం ఫలితం, మూడు రోజుల ఎల్‌సీ50లు విడివిడిగా పట్టికలో పెట్టండి. సగటు ఒక్కటే ఇస్తే గైడ్ ఒప్పుకున్నా రివ్యూయర్ ఒప్పుకోడు.